సగం ధర, పైన దయ

మా బావగారు నా కారుకు సగం ధర కట్టి, దాని మీద కాస్త దయ కూడా వడ్డించారు.

"బయటివాడైతే ఇది కూడా ఇవ్వడమ్మా. ఇంట్లో మనిషివి కాబట్టి ఇస్తున్నా," అన్నారు, నేనిచ్చిన కాఫీ తాగుతూ, నేను కూర్చునే కుర్చీలో వెనక్కి వాలి.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. రింగు రోడ్డు పక్కన ఆయనకు పాత కార్ల షెడ్డుంది. మా ఇంట్లో ఎవరు బండి కొన్నా, అమ్మినా ఆయన చేతి మీదుగానే జరగాలి. చిన్న ఆడపడుచు స్కూటరు దగ్గర్నుంచి మా ఆయన మొదటి కారు దాకా అన్నీ ఆ షెడ్డులోంచి వచ్చినవే, మళ్ళీ ఆ షెడ్డుకే పోయినవే. వచ్చేటప్పుడు వాటి ధర ఆకాశంలో ఉంటుంది. పోయేటప్పుడు మాత్రం "ఇంట్లో వాళ్ళమే కదా" అన్న మాటతో నేలకు దిగుతుంది. నా కరెంటు కారు ఒక్కటే ఆ షెడ్డు మొహం చూడలేదు. ఆరేళ్ళ క్రితం నా సంపాదనతో, షోరూములో కొత్తది కొనుక్కున్నాను. ఆ కోపం ఆయనకు ఇంకా చల్లారలేదు. కొన్న రోజు చూడ్డానికని వచ్చి, చుట్టూ ఓసారి తిరిగి, "బొమ్మ బాగుంది. దీనికి కీ ఎక్కడ ఇవ్వాలి?" అని అందరి ముందూ అడిగారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

నేను ఫిజియోథెరపిస్టుని. మోకాలి ఆపరేషను అయినవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు, నడుం పట్టేసి మంచం దిగలేనివాళ్ళకు ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయిస్తాను. ఇన్నాళ్ళూ ఆ కారే నా ఆసుపత్రి. మడతపెట్టే బల్ల, రబ్బరు పట్టీలు, నొప్పికి కరెంటు పెట్టే మిషను అన్నీ దాని డిక్కీలోనే కాపురం చేశాయి. ఇప్పుడు దాన్ని అమ్మడం సరదా కోసం కాదు. మందుల షాపు పక్కన ఒక గది ఖాళీ అయింది. గుమ్మానికి మెట్టు కూడా లేదు, చక్రాల కుర్చీ రోడ్డు మీంచి నేరుగా లోపలికి వచ్చేస్తుంది. అలాంటి గది కోసం నేను తిరగని వీధి లేదు. ఇకపై రోగులే నా దగ్గరికి వస్తారు, నాకు కారుతో పనుండదు. ఓనరు ఆదివారం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత సెల్‌ఫోన్ల షాపు పెడతానన్న మనిషికి ఇచ్చేస్తాడట. గది అడ్వాన్సు, లోపలికి కావలసిన బల్లలు అన్నీ లెక్కేసుకునే కారుకు నేనొక ధర అనుకున్నాను. ఆ ధర వస్తేనే గది నాది. సగం ధరకు సగం గది ఎవరూ ఇవ్వరు.

"వద్దులెండి బావగారూ. నేనే అమ్ముకుంటాను," అన్నాను.

"నువ్వా?"

"కొన్నది నేనే కదండీ."

ఆయన నాతో వాదించలేదు. నేరుగా తమ్ముడి వైపు చూశారు. మా ఆయన సంగతి ఇక్కడ చెప్పాలి. మనిషి బంగారం. కానీ అన్నగారి ముందు నోట్లో నాలుక ఉండదు. ఆ పూట కూడా కాసేపు నీళ్ళు నమిలి, "మార్కెట్టు సంగతి అన్నయ్యకి తెలుసు కదా," అన్నాడు. మూలన బఠాణీలు ఒలుచుకుంటున్న అత్తగారు తలెత్తి మా ముగ్గురినీ చూసి, మళ్ళీ బఠాణీల్లో పడ్డారు.

"అమ్మాయ్, నీ మంచికే చెప్తున్నా," అన్నారు బావగారు లేస్తూ. "పాత కరెంటు కారంటే ఉబ్బిపోయిన ఫోను లాంటిది. ఎవడూ చేత్తో ముట్టుకోడు. తిరిగి తిరిగి మళ్ళీ నా దగ్గరికే వస్తావు. అప్పుడు ఈ ధర కూడా ఉండదు."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం, ఆ సంగతి ఊరంతా తెలుసు. కానీ ఆ రోజు నోరు విప్పలేదు. ఆయన వెళ్ళగానే బకెట్టు, సబ్బు, పాత తువ్వాలు పట్టుకుని కిందికి దిగాను. కారును అద్దంలా కడిగి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, నేననుకున్న ధర రాసి, అమ్మకానికి పెట్టేశాను.

మొదట వచ్చిన ఆయన టైర్లను బూటుతో తన్ని చూశాడు. ఎందుకు తన్నాడో ఆయనకే తెలియాలి. తర్వాత పెదవి విరిచి, "పాత కరెంటు కారు కదండీ. ఉబ్బిపోయిన ఫోను లాంటిది," అని, బావగారు చెప్పిన ధరే చెప్పాడు. అది విని నా మనసు చివుక్కుమంది. బావగారి మాట నిజమేనేమో అని ఆ సాయంత్రమంతా దిగులుపడ్డాను. మర్నాడు ఇంకొకాయన వచ్చాడు. ఆయన కూడా టైర్లను తన్నాడు, పెదవి విరిచాడు. "ఏముందండీ, ఉబ్బిపోయిన ఫోను లాంటిది..." అని మొదలుపెట్టేసరికి నాకు వెలిగింది.

"మా బావగారు బాగున్నారా?" అని అడిగాను తాపీగా.

"ఆఁ, బాగున్నారండీ," అనేసి నాలిక కరుచుకున్నాడు.

అతన్ని గేటు దాకా సాగనంపి ఫోను అందుకున్నాను. "బావగారూ, మీ మనుషుల్ని పంపించడం ఆపండి. పాపం వాళ్ళకి మీరు నేర్పిన మాట ఒక్కటే వచ్చు," అన్నాను.

ఆయనకు సిగ్గేమీ అనిపించలేదు. "మార్కెట్టు ఏంటో నీకు అర్థం కావాలని పంపానమ్మా," అన్నారు. "ఇంట్లో చెప్తే వినట్లేదు కదా."

నా దగ్గర ఆ పప్పులుడకవని చెప్పి ఫోను పెట్టేశాను. చెప్పడానికైతే గట్టిగానే చెప్పాను కానీ, లోపల నాకూ ఒక భయముంది. కారుతో నాకు ముందు నుంచీ ఒక తలనొప్పి ఉంది. కింద పార్కింగులో సాయంత్రమే ప్లగ్గు పెట్టి ఉంచినా, పొద్దున్నకు చార్జింగు ఎన్నడూ నిండేది కాదు. ముప్పావు వంతు దగ్గరో, ఇంకా కిందో తేలేది. ఎలక్ట్రీషియను మొదట సాకెట్టు మార్చాడు, తర్వాత వైరు మార్చాడు, ఆ తర్వాత నా మీద జాలిపడటం మొదలుపెట్టాడు. మా ఆయన అయితే "స్విచ్చు వెయ్యడం నువ్వే మర్చిపోతావు," అని తేల్చేశాడు. ఒకసారి ఊరి అవతల రోగిని చూసి వస్తూ నడిరోడ్డు మీద ఆగిపోయాను కూడా. బయట చార్జింగు స్టేషనులో పెడితే మాత్రం బుద్ధిగా నిండేది. అమ్మకానికి పెట్టే ముందు అక్కడికి తీసుకెళ్ళి నింపితే, కొత్తలో ఎంత దూరం పోతానని చూపించిందో దాదాపు అంతే చూపించింది. చూసి సంతోషపడాల్సింది పోయి, అది అబద్ధం చెబుతోందేమోనని అనుమానపడ్డాను. సొంత కారును నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

మూడోసారి వచ్చింది మా వీధి చివర బేకరీ ఆవిడ. కారు చుట్టూ తిరగలేదు, టైర్లను తన్నలేదు. వెంట తెచ్చుకున్న కేకు ట్రే ఒకటి తీసి, డిక్కీలో అడ్డంగా పెట్టి చూసింది, నిలువుగా పెట్టి చూసింది. వెనక సీటు మడిచి మళ్ళీ చూసింది. ట్రే ఎటు పెట్టినా హాయిగా పట్టింది.

"స్కూటరు మీద పంపిస్తే పెళ్ళి కేకులు పక్కకి ఒరిగిపోతున్నాయండీ," అంది. "క్రీము మీద రాసిన పేర్లు చెరిగిపోయి కొట్టుకు చస్తున్నాం. ఇది కుదుపు లేకుండా పోతుందా?"

"ఎక్కండి," అన్నాను. రెండు వీధులు తిప్పి తీసుకొచ్చాను. దిగేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. ధర విని కూడా ఆ వెలుగు తగ్గలేదు. కానీ తలుపు మూసి కాసేపు తటపటాయించింది.

"ఏమీ అనుకోకండి. నిన్న షెడ్డు దగ్గర మీ బావగారిని అడిగాను. బ్యాటరీ అయిపోయిందన్నారు. నిండుగా ఉన్నప్పుడు బాగానే కనిపిస్తుందట. పావు వంతుకు వచ్చిందంటే మాత్రం ఒక్కసారిగా సున్నాకు పడిపోతుందట కదా? దారిలో కేకులతో ఆగిపోతే నేను మునిగిపోతానండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సరే, పావు దగ్గర్నుంచే నడుపుదాం," అన్నాను. "నిండుగా ఉన్నప్పుడు కాదు. శనివారం పొద్దున్నకు పావు వంతు చార్జింగుతో మీ కొట్టు ముందుంటాను. ఊరి బయట టవరు కొండ ఎక్కుదాం, అవతలి వైపు దిగుదాం, రింగు రోడ్డు మీంచి వెనక్కి వద్దాం. దారిలో ఆగిపోతే కారును మీరు అడిగిన ధరకు ఇచ్చేస్తాను. ఆగకపోతే నేనడిగిన ధర ఇవ్వాలి."

ఆవిడ ఒప్పుకుంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "ఆగిపోతే?" అన్నాడు. ఆగిపోతే గది పోతుంది, జీవితాంతం బావగారి నవ్వు వినాల్సి వస్తుంది. అవన్నీ నాకు తెలుసు. "ఆగదు," అన్నాను. పైకి అలా అన్నానే కానీ, శుక్రవారమంతా రోగుల ఇళ్ళ చుట్టూ తిరుగుతూ చార్జింగు తగ్గిస్తున్నంతసేపూ మీటరును క్షణానికోసారి చూసుకుంటూనే ఉన్నాను.

శనివారం పొద్దున్న కారు తీసేసరికి బావగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనకు ఎవరు చెప్పారో అడగలేదు. మా ఆయన చెప్పులు వేసుకోకుండానే మేడ మీదికి మాయమయ్యాడు.

"నేనూ వస్తా," అన్నారు బావగారు. "రేపు బండి పాడైతే ఆవిడ మా ఇంటి మీదే పడుతుంది. ఇంటి పరువు సంగతి. అమ్మా, నువ్వు కూడా రా. పెద్దావిడ పక్కనుంటే ఎవరూ అబద్ధం ఆడరు."

అత్తగారు శాలువా కప్పుకుని కిందికి దిగారు. ఆవిడ ఎవరి వైపో నాకు అనుమానమే లేదు. పెద్ద కొడుకంటే ఆవిడకు ప్రాణం. నేనంటే, కాఫీలో చక్కెర తక్కువ వేసే కోడలిని. అంతకు మించి మా మధ్య గొడవా లేదు, చుట్టరికమూ లేదు.

బేకరీ ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. తల్లీ కొడుకులు వెనక కూర్చున్నారు. చార్జింగు సరిగ్గా పావు వంతు చూపిస్తోంది. ఊరు దాటకముందే బావగారు మొదలుపెట్టారు.

"ఉక్కగా ఉందమ్మా. ఏసీ పెంచు."

పెంచాను. ఏసీ పెంచితే చార్జింగు తొందరగా కరుగుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాసేపటికి, "ఇంకొంచెం," అన్నారు. పెంచాను. తన ఫోను తీసి చార్జింగుకు పెట్టారు. ఆ తర్వాత తల్లి ఫోను కూడా తీసి పెట్టారు. అత్తగారు శాలువా చెవుల దాకా లాక్కుని, "ఒరేయ్, చలేస్తోందిరా," అన్నారు. "కాసేపు ఓర్చుకో అమ్మా, కొండెక్కాక చల్లగా ఉంటుంది," అన్నారు ఆయన. ఆ మాట విని నాకు ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది.

కొండ దారి మలుపులు మలుపులుగా నిటారుగా ఉంటుంది. ఎక్కుతున్నకొద్దీ చార్జింగు శాతం చూపించే అంకె కరుగుతూ వచ్చింది. ఇరవై, పద్దెనిమిది, పదిహేను. బేకరీ ఆవిడ కళ్ళు రోడ్డు మీద లేవు, ఆ అంకె మీదే ఉన్నాయి. నావీ అంతే. "ఇప్పుడు చూడండి," అంటున్నారు బావగారు వెనక నుంచి, "ఇప్పుడు పడుతుంది. వచ్చే మలుపులో పడుతుంది." ఆ మలుపు దాటాం. ఇంకో మలుపు కూడా దాటాం. టవరు కిందికి చేరేసరికి అంకె పన్నెండు దగ్గరుంది. ఒక్కసారిగా ఎక్కడా పడలేదు, బుద్ధిగా ఒక్కొక్కటే దిగింది.

"ఇది ఎక్కడమే. ఇంకా ఇంటి దాకా పోవాలి," అన్నారు బావగారు. గొంతులో మునుపటి ధీమా లేదు.

అవతలి వైపు దిగడం మొదలుపెట్టాం. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాను. కారు తన బరువుకు తానే మెల్లగా దిగుతోంది. మూడు మలుపులు దిగేసరికి పన్నెండు కాస్తా పదమూడయింది. ఇంకాస్త దిగేసరికి పద్నాలుగు.

బావగారు సీట్లోంచి ముందుకు దూకినంత పని చేశారు. "ఆపు! ఆపమంటున్నానా! చూశారా అండీ, పెరుగుతోంది! ఎక్కడైనా నడుస్తున్న బండిలో పెట్రోలు పెరుగుతుందా? మీటరు తిప్పించింది! నా దగ్గరా ఈ వేషాలు? మీటర్లు తిప్పడం నాకు తెలీదా? ఎన్ని తిప్పుంటాను!"

బేకరీ ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగి, "మీరు తిప్పారా?" అంది. బావగారు దగ్గారు. కిటికీ బయటికి చూశారు. మళ్ళీ దగ్గారు.

కానీ ఆవిడకు నా మీద కూడా అనుమానం వచ్చింది, అది మొహంలోనే తెలిసిపోయింది. ఎంత కాదన్నా, నడుస్తుంటే పెరిగే మీటరు ఆవిడా ఎన్నడూ చూడలేదు. కారును పక్కకు తీసి ఆపాను. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ తలుపు తీశాను.

"కొండ దిగేటప్పుడు కారు బరువుకు చక్రాలే మోటారుని తిప్పుతాయి. సైకిలుకి డైనమో ఉంటుంది చూడండి, అలాగే. తిప్పినంత కరెంటు కాస్త కాస్తగా బ్యాటరీకి తిరిగొస్తుంది. నా మాట నమ్మకండి. ఆయన మాటా నమ్మకండి. మీరే నడిపి చూడండి."

ఆవిడ వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. మొదట భయం భయంగా నడిపింది. కొంచెం వెనక్కి తిప్పించి మళ్ళీ ఎక్కమన్నాను. ఎక్కుతుంటే అంకె తగ్గింది. మళ్ళీ దింపితే, ఆవిడ కాలు తీసేసి కూర్చుంటే, తగ్గినదాంట్లో కొంత తిరిగొచ్చింది. ఆవిడ చిన్నపిల్లలా కేరింత కొట్టింది. "అయ్యో రామా, దిగితే జీతమిస్తుందే ఇది!" అంది.

అప్పుడు బావగారు తన చేతిలో మిగిలిన చివరి ముక్క దించారు.

"అమ్మా, నువ్వు చెప్పు," అన్నారు. "ఇంట్లో ఉండేది నువ్వే. ఈ కారు పొద్దున్నకి ఎప్పుడైనా నిండిందా? నడిరోడ్డు మీద ఆగిపోయిందా లేదా? ఆవిడకి చెప్పు. కొనుక్కునేవాళ్ళకి తెలియాలి."

నా ప్రాణం ఉసూరుమంది. రెండూ నిజాలే. నేనే స్వయంగా ఇంట్లో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన నిజాలు. బేకరీ ఆవిడ కారును పక్కన ఆపేసి, స్టీరింగు మీద చేతులుంచి వెనక్కి తిరిగింది. "చెప్పండి పెద్దమ్మా," అంది.

అత్తగారు శాలువా సర్దుకున్నారు. "ఆగింది," అన్నారు.

బావగారు సీట్లో వెనక్కి వాలారు.

"పొద్దున్నకు నిండేది కూడా కాదు," అన్నారు అత్తగారు. "నేను నిండనిస్తే కదా."

"ఏంటత్తయ్యా?" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. పెద్ద కొడుకునే చూస్తూ చెప్పారు. "నువ్వే కదరా చెప్పావు, కారు కొన్న రోజు నా గదిలోకి వచ్చి. అమ్మా, సరిగ్గా నీ కిటికీ కిందే పెడుతున్నారు, నిండా చార్జింగు ఎక్కితే పేలిపోతుంది, జాగ్రత్త అని. నాకు నిద్ర పట్టేదా? రోజూ పడుకోబోయే ముందు కిందికి దిగి స్విచ్చు ఆపేసేదాన్ని. తెల్లారగానే వెళ్ళి మళ్ళీ వేసేదాన్ని, ఈ పిల్లకి తెలీకుండా. ఆ రోజు నడిరోడ్డు మీద ఆగింది కూడా అందుకే. ఆ రాత్రి తలనొప్పిగా ఉండి పెందరాళే ఆపేశాను."

"అత్తయ్యా!" అని అరిచాను. కొండంతా వినబడేట్టు అరిచాను. "సాకెట్టు మార్పించాను! వైరు మార్పించాను! మతిమరుపని మీ అబ్బాయి నన్ను ఎన్ని మాటలన్నాడు! ఆరేళ్ళు! ఒక్కమాట చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను!"

"అందుకే చెప్పలేదు," అన్నారు ఆవిడ.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బేకరీ ఆవిడ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. "మంచి పనే చేశారు పెద్దమ్మా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా అబ్బాయి ఫోను కొన్నచోట కూడా అదే చెప్పారు. రోజూ నిండా ఎక్కించకుండా వాడితే బ్యాటరీ చాలాకాలం బతుకుతుందట. అందుకే ఇది ఇంకా కుర్రదానిలా ఉంది."

అప్పుడు చూడాలి బావగారి మొహం. కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నా కారును ఇన్నేళ్ళూ కాపాడింది ఎవరో కాదు, ఆయన చెప్పిన అబద్ధం.

అక్కణ్ణుంచి కొండ దిగి రింగు రోడ్డెక్కాం. బేకరీ ఆవిడే నడిపింది. రింగు రోడ్డు మీద షెడ్డు ముందుకు వచ్చేసరికి అంకె ఇంకా ఎనిమిది దగ్గరుంది. ఏసీ అప్పటికీ అదే జోరులో ఉంది, దాన్ని తగ్గించమని ఎవరూ అడగలేదు.

"సరే," అంది బేకరీ ఆవిడ, కారు పక్కన ఆపి. "కానీ డాక్టరుగారూ, ఒకసారి రోడ్డు మీద ఆగింది కదా. కొంచెమైనా తగ్గించండి."

నేను డాక్టర్ని కానని అప్పుడు సరిదిద్దలేదు. "చిల్లిగవ్వ తగ్గను," అన్నాను. "అది ఆగలేదు, దాన్ని ఆపారు. ఆరేళ్ళు అర్ధాకలితో నడిపాను దీన్ని. ఆ కష్టం నాది, ఈ బ్యాటరీ ఆ కష్టం వల్లే మిగిలింది. మాట అనుకున్నాం కదండీ. ఆగకపోతే నేనడిగిన ధర."

ఆవిడ ఇంకేదో అనబోయేలోపు బావగారు గొంతు సవరించుకున్నారు. ఆయన మొహంలోకి రంగు మళ్ళీ వచ్చేసింది.

"అంత గొడవెందుకమ్మాయ్? నువ్వడిగిన ధర నేనిస్తా. ఇప్పుడే కాదనుకో, నెమ్మదిగా సర్దుతా. ఇంటి కారు బయటివాళ్ళకి ఎందుకు? నేను కాబట్టి ఇస్తున్నా. ఇంట్లో మనిషివి కదా."

ఆ మాటతో, అన్నాళ్ళుగా అణిచిపెట్టుకున్నదంతా నా గొంతులోకి వచ్చింది. కానీ అరవలేదు. అరవాల్సిన అవసరం కనబడలేదు.

"మీరిచ్చేది ధర కాదు బావగారూ, దయ," అన్నాను. "సగం ధరకి దయ కలిపినా అంతే, మొత్తం ధరకి దయ కలిపినా అంతే. దానికి నేను జన్మంతా తల వంచుకుని ఉండాలి. ఇది మంచి కారు. దీనికి ధర ఉంది. నాకు ఆ ధర చాలు."

బేకరీ ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. మళ్ళీ బేరం మాట ఎత్తలేదు. ఫోను తీసి, "ధర నేనిస్తాను," అంది. అక్కడే, ఆయన షెడ్డు ముందే, నేనడిగిన డబ్బు మొత్తం నా ఖాతాలోకి పంపించింది.

బావగారు దిగి తలుపు ధడాలున వేశారు. "దిగమ్మా, పోదాం," అన్నారు తల్లితో. "నా గడపలో ఇంక వీళ్ళ ఊసెత్తొద్దు."

"మోకాళ్ళు పట్టేశాయిరా," అన్నారు అత్తగారు, కదలకుండా. "నువ్వు పో."

బేకరీ ఆవిడ మమ్మల్ని మందుల షాపు దగ్గర దింపి, కారు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. బాధ కలగలేదని చెప్పను. గది ఓనరు కుర్చీ వేసుకుని బయటే కూర్చున్నాడు. నేను డబ్బు తెచ్చానని చెప్పగానే నా వెనక్కి, అత్తగారి వెనక్కి తొంగి చూశాడు.

"మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా? ఇలాంటివి వాళ్ళతో మాట్లాడుకుంటేనే బాగుంటుంది."

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "మగవాళ్ళతో పొద్దున్నుంచీ మాట్లాడే వస్తున్నాం నాయనా. ఓపిక అయిపోయింది. డబ్బు ఈ పిల్లది, చేతిలో పని ఈ పిల్లది. తాళం ఈ పిల్లకే ఇవ్వు."

ఓనరు తాళం ఇచ్చాడు. అత్తగారి మీద నా కోపం పోలేదు. ఇంటికెళ్ళాక ఆవిడతో పెద్ద గొడవే పెట్టుకోవాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. అయినా తలుపు తీసి ముందు ఆవిడనే లోపలికి పంపాను. గదినిండా దుమ్ము, ఎవరో వదిలేసిన అట్టపెట్టెలు, గోడల మీద చినిగిపోయిన కాగితాలు. నా గది. ఆ మాట రెండు మూడుసార్లు పైకే అనుకున్నాను, సిగ్గుపడలేదు.

అంతలో మా ఆయన ఫోను చేశాడు.

"అన్నయ్య ఫోన్ చేశాడు," అన్నాడు కంగారుగా. "చాలా కోపంగా ఉన్నాడు. తమ్ముడివో కాదో తేల్చుకో అంటున్నాడు. ఇప్పుడు ఏం చేద్దాం?"

"గది ఊడుద్దాం," అన్నాను. "మందుల షాపు పక్కనే ఉన్నాం, నేనూ అత్తయ్యా. అన్నయ్య దగ్గరికి వెళ్తావో, చీపురు కొనుక్కుని ఇక్కడికి వస్తావో నీ ఇష్టం."

ఎప్పటిలాగే నీళ్ళు నములుతాడనుకుని ఫోను పెట్టేశాను. అట్టపెట్టెలు ఒక మూలకు లాగడం మొదలుపెట్టాను. పెట్టెల వరస సగం కూడా అవ్వలేదు, గుమ్మంలో నీడ పడింది. చూస్తే మా ఆయన. ఒంటి మీద ఇంట్లో వేసుకునే చొక్కాయే ఉంది, ఒగరుస్తున్నాడు. చేతిలో రెండు చీపుళ్ళున్నాయి. ఒకటి నాకిచ్చి, రెండోది తీసుకుని, ఆ చివర నుంచి ఊడవడం మొదలుపెట్టాడు.